అత్తగారి వంటింట్లో పెంగ్విన్

ఒక పక్షి నా కొలువు ఊడగొట్టబోయిన కథ చెబుతాను. ఆ పక్షి మా అత్తగారి ఊరు బేతంచెర్ల దరిదాపులకు ఎన్నడూ వచ్చింది కాదు, పాపం దాని తప్పేమీ లేదు.

యాభైల నాటి మాట. కర్నూలు కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతున్నాను. కొలువు ఇంకా ఖాయం కాలేదు. అది తేల్చడానికి మద్రాసు నుంచి ఒక ప్రొఫెసరు రాబోతున్నాడు. ఎక్కడో దక్షిణపు దీవుల రాతిపొరల్లో మనిషంత పెంగ్విన్ల ఎముకలు దొరికాయని అప్పుడే చదివి, కనిపించిన ప్రతి రాయినీ అనుమానంగా చూస్తున్నాను.

ఆ ఊపులోనే కొత్త అల్లుడిగా బేతంచెర్ల వెళ్లాను. వంటింట్లో పీట మీద కూర్చుని అన్నం కలుపుతుంటే, ఎదురుగా నేలబండలో పెంగ్విన్. తెల్లటి బండ మీద నల్లగా గుండ్రటి పొట్ట, పైన చిన్న తల, కింద రెండు కాళ్లు. ఆ బండలు ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్నవే. సముద్రం ఉన్నప్పుడు పెంగ్విన్ ఎందుకు ఉండకూడదు? నాకు ముద్ద దిగలేదు.

అల్లుళ్లు వాచీ అడుగుతారు, సైకిలు అడుగుతారు. నేను బండ అడిగాను. మామ కండువా దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు. కొత్త అల్లుడి మాట కాదనకూడదు కదా.

"వంటిల్లు తవ్వించాల్నా నాయనా? సరే, శానా చదువుకున్నోడివి" అన్నాడు. తలుపు చాటు నుంచి అత్తగారు ఏదో చెప్పబోతే ఊరుకోమని సైగ చేశాడు.

బండను గడ్డిలో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు బండి మీద కర్నూలు తెచ్చాను. ప్రొఫెసరు భూతద్దం పెట్టి చూశాడు. వేలితో రుద్దాడు. ఆ వేలు వాసన చూసుకున్నాడు.

"ఈ పొర ఏ కాలానిది?" అని అడిగాడు.

పొర వయసు తెలియందే ఎముక మాట ఎత్తకూడదని పిల్లలకు మొదటి పాఠంలో చెప్పేది నేనే. ఈ పొర పేరుకునేనాటికి పక్షి మాట అటుంచి, చేప కూడా పుట్టలేదు. అదంతా చెబుతూనే బండ మీదికి గడ్డి లాగడం మొదలుపెట్టాను.

"మరి ఈ వాసన దేనిది?" అన్నాడాయన. కొలువు సంగతి ఇంకో ఏడాది చూద్దామన్నాడు.

బండను వెనక్కి తీసుకెళ్లినప్పుడు గానీ జవాబు దొరకలేదు. "ఆడ ఊరగాయ జాడీ పెడతాంటి నాయనా. పక్కన నూనె గిన్నె. రెండు పాయలుగా కారిన నూనె బండకు ఇంకింది. ఆ పొద్దు చెప్పనీలేదు గదా మీ మామ" అన్నారు అత్తగారు.

బండ మళ్లీ దాని చోటికి చేరింది. ఆ మధ్యాహ్నం నేను భోంచేస్తుండగా కొత్త జాడీ మోసుకొచ్చిన నా భార్య, ఎక్కడ పెట్టాలని అడిగింది.

"పక్షి మీద పెట్టమ్మా, దాని పొట్టకు సరిగ్గా సరిపోతాది" అన్నాడు మామ, నా వైపు చూడకుండా.

ఆ జాడీ సాక్షిగా అప్పుడే ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ బండనైనా ముందు వాసన చూస్తాను, ఆ తర్వాతే శాస్త్రం మాట్లాడతాను.