జెండా ఎత్తితే గోల్ అనుకున్నాం

ఇవాళ ఫుట్‌బాల్ ప్రపంచకప్ తొలి మ్యాచ్ చూస్తూ టీవీ శబ్దం తీసేశాను. సాంచాల, అదే మరమగ్గాల, ఇళ్లలో పెరిగిన మీకు ఎందుకో తెలుసు కదా? మావాళ్లు వలసెళ్లిన ఉన్ పేటలో మా ఇంటి కింద మగ్గాల మోతకు వ్యాఖ్యానం ఎప్పుడూ వినపడలేదు.

నా చిన్నప్పటి ఒక ప్రపంచకప్‌లో, ఆ రోజు ఓడితే మేం అభిమానించే పసుపు చొక్కాల జట్టు ఇంటికే. ఒక గోల్ వెనకబడి ఉంది. తలనిండా నూలు దుమ్ముతో బాపు గుమ్మంలోనే నిలబడ్డాడు. చివర్లో మావాళ్లు కొట్టిన బంతి వలలో పడింది. మైదానం అంచు గీత దగ్గరి మనిషి జెండా ఎత్తాడు.

"సూడు బిడ్డా, గోలని జెండా లేపిండు," అని అరిచాడు బాపు.

"మరి టీవీల గోల్‌ల అంకె మారలేదేంది?" అంది అమ్మ.

"జర ఆగు. మార్చెటోనికి చాయ్ టైమేమో."

మా ఆటగాళ్లు ఏడుస్తూ వెళ్లిపోయేదాకా ఆ అంకెనే చూశాం. అది ఆఫ్‌సైడ్ జెండా అని, అది లేస్తే గోల్ చెల్లదని తర్వాత స్కూల్లో సిస్టర్ చెప్పారు.

ఇవాళ కూడా జెండా లేచింది. దాని అర్థం తెలిసినా అంకె వైపే చూశాను.