క్యారియర్ సంచిలో కంపెనీ

గ్రేటర్ నోయిడాలో ఫ్యాన్ల విడిభాగాలు చేసే చిన్న కంపెనీలో నేను అకౌంటెంట్‌ని. మాది తెనాలి. రోజూ సాయంత్రం ఆఫీసు డేటా హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, వైరు తీసేసి, క్యారియర్ సంచిలో ఇంటికి తీసుకెళ్ళేదాన్ని. ఇంట్లో దాని చోటు దేవుడి అలమర.

"డిస్క్‌కి హారతి ఇచ్చారా మేడమ్‌జీ?" అని మా ఓనరు నవ్వేవారు.

ఈ వేసవిలో ఒక సోమవారం పొద్దున్న ఆఫీసులో ఏ ఫైలూ తెరుచుకోలేదు. ప్రతి కంప్యూటర్ మీదా ఒకటే బెదిరింపు: డబ్బు కడితేనే తాళం తీస్తాం. ఎప్పుడూ సర్వర్‌కే తగిలించి ఉంచే బ్యాకప్‌కి కూడా తాళం పడింది. ఓనరు ముఖం పాలిపోయింది.

"కట్టేద్దాం మేడమ్‌జీ, ఔర్ క్యా కరే, ఇంకేం చేస్తాం."

"ఒక్క పైసా కూడా కట్టొద్దు సార్. కడితే తీస్తారని నమ్మకం ఏంటి? ముందు కంప్యూటర్లన్నీ శుభ్రం చేయించండి."

మెకానిక్ అన్నీ తుడిచేసి సిద్ధం చేశాక నా డిస్క్ తగిలించాను. శనివారం సాయంత్రం వేసిన చివరి బిల్లుతో సహా అన్నీ తెరుచుకున్నాయి.

ఓనరు ఊపిరి పీల్చుకుని, "ఇక దీన్ని ఇక్కడే తగిలించి ఉంచేయండి, సులువుగా ఉంటుంది" అన్నారు.

ఆయన చూస్తుండగానే వైరు పీకి, డిస్క్‌ని సంచిలో వేసుకున్నాను. ఎవరు నవ్వినా సరే, అది రోజూ నాతోనే ఇంటికొస్తుంది.