త్రినాథరావు సూట్లు, శారదాదేవి మంచం

ఫిల్మ్ నగర్ బస్తీలో త్రినాథరావు గదిలోకి అడుగుపెడితే ముందు మనుషులు కనబడరు, బట్టలు కనబడతాయి. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బిగించిన ఇనప పైపుకి జడ్జి గౌను, డాక్టరు కోటు, పెళ్లిపెద్ద పట్టుపంచెలు, పార్టీ సీన్లకి వేసే సూట్లు. వాటి కింద ట్రంకుపెట్టెలు. మిగిలిన జాగాలో ఒక చాప. ఆ చాప మీదే ఆయనా, భార్య శారదాదేవీ పడుకోవడం.

పాలకొల్లు నుంచి వచ్చింది మొదలు ఆయన జూనియర్ ఆర్టిస్టు. హీరోయిన్ పెళ్లిలో అక్షింతలు వేసేదీ, కోర్టు సీనులో తలాడించేదీ ఆయనే. సొంత సూటున్నవాణ్ణి ముందు పిలుస్తారు, కెమెరాకి దగ్గరగా నిలబెడతారు. లేనివాడు గుంపులో కలిసిపోతాడు. "బట్టలే నా కూడండీ" అంటాడు, ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన గొంతుతో.

శారదాదేవికి మోకాళ్లు పోయాయి. పొద్దున్నే చాప మీంచి లేవాలంటే ఆ పెట్టెల మీద చేతులానించి, పైపు పట్టుకుని, నానా తంటాలూ పడాలి. "ఏ జడ్జిగారి గౌనో దొరికితే గానీ లేవలేకపోతున్నా" అని నవ్వుతుంది. నవ్వాక కాసేపు ఊపిరి కూడదీసుకుంటుంది. మంచం కావాలి. మంచానికి చోటు లేదు.

వెంగళరావు నగర్‌లో కాపురముంటున్న కూతురు లాస్య ఒక ఆదివారం వచ్చి ఫోన్లో వీడియో పెట్టింది. తెల్లగోడల ఇంట్లో ఒకమ్మాయి, తక్కువ వస్తువులతో హాయిగా బతకడం ఎలాగో చెబుతోంది. దాన్ని మినిమలిజం అంటారట.

"పుట్టినప్పట్నుంచీ మేం చేస్తున్నదానికి పేరు కూడా పెట్టారా?" అన్నాడు త్రినాథరావు.

"జోకులాపు నాన్నా. ఏడాదిగా తొడగనిది ఇచ్చెయ్యడమే. అమ్మకి మంచం పడుతుంది."

కూతురు వెళ్లాక నిజంగానే మొదలుపెట్టాడు. ఒక్కోటీ తీసి చూశాడు. జడ్జి గౌను మొన్న వేసవిలో వేశాడు. డాక్టరు కోటు దసరా ముందు. సూట్లు సరేసరి. ఏడాదిగా తొడగనివి ఏవయ్యా అంటే, ఆయన సొంత చొక్కాలూ ప్యాంట్లూ! బయటికెళ్తే షూటింగుకే వెళ్లాడు, వేషంలోనే వెళ్లాడు. ఇంట్లో లుంగీ. మాట మాటే కదా అని అవన్నీ మూటగట్టి, పాతబట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆవిడకి ఇచ్చి, ఒక పెద్ద గిన్నె పట్టుకొచ్చాడు.

శారదాదేవి గిన్నె వంక చూసింది, ఆయన వంక చూసింది. "ఇల్లు ఖాళీ చేస్తానని గిన్నె తెచ్చారా?"

శారదాదేవి మోకాళ్లు చూపించడానికి ఆస్పత్రికి వెళ్లాల్సిన రోజున గానీ అసలు సంగతి తెలిసిరాలేదు. తొడుక్కోడానికి చొక్కా లేదు. చివరికి నీలం సూటులో బయల్దేరాడు. గేటు దగ్గర వాచ్‌మన్ సలాం కొట్టాడు. చీటీల దగ్గర వరసలో ఎవరో "పెద్దసారొచ్చిండు, జర జరుగుండ్రి" అన్నారు. త్రినాథరావుకి లోపల కొంచెం బాగానే ఉంది, శారదాదేవి చాప సంగతి విని డాక్టరమ్మ నోరు విప్పేదాకా.

"మీరేమో సూటు వేసుకుని తిరుగుతున్నారు, ఆవిణ్ణి నేల మీద పడుకోబెడతారా? ఇలాగే ఇంకొన్నాళ్లయితే అసలు లేవలేరు."

ఎన్నో సినిమాల్లో మాట లేకుండా నిలబడ్డవాడు. అక్కడా అలాగే నిలబడ్డాడు. తిరిగొస్తూ ఆటోలోనే, జూనియర్ ఆర్టిస్టులని షూటింగులకి కుదిర్చే ఓంప్రకాష్‌కి ఫోన్ చేశాడు. వేషాల బట్టలు మొత్తం పట్టుకుపొమ్మన్నాడు.

ఓంప్రకాష్ గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు. "జర సోచాయించు త్రినాథన్నా. ఇవి లేకుంటే నిన్ను దేనికని పిలుస్త? బజార్ సీన్ల నిలబెడతరు, పొద్దంత ఎండల."

"నిలబడతాలే."

"నీ మోకాళ్లు గూడ పోతయే."

"అప్పటికి ఇంట్లో మంచం ఉంటుందిగా."

శారదాదేవికి మనసొప్పలేదు. "ఆ గౌనొక్కటీ ఉంచుకోండి. మీకు బాగుంటుంది."

"ఒకటుంచితే పైపుంచాలి. పైపు కింద మంచమేస్తే నువ్వు లేచినప్పుడల్లా తల తగులుతుంది." అని గౌను మడిచి తనే ఓంప్రకాష్ చేతిలో పెట్టాడు. పైపు ఊడదీసేసరికి గోడకి రెండు చిల్లులు మిగిలాయి. లాస్య తండ్రికి రెండు జతల బట్టలు కొనుక్కొచ్చి ఇచ్చింది.

బోరబండలో చూసిపెట్టుకున్న పాత మంచం మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. శారదాదేవి అంచున కూర్చుని, ఒక కాలు, కాసేపాగి ఇంకో కాలు పైకి తీసుకుంది. వెనక్కి వాలింది. ఆయన ఎదురుగా ఖాళీ గోడకి చేరగిలబడి నిలబడ్డాడు. ఫోన్ జేబులోనే ఉంది. పొద్దుట్నుంచీ మోగలేదు.

"బాధగా ఉందా అండీ?"

"ఏమో. అలసటగా ఉంది శారదా" అన్నాడు. "కొంచెం అటు జరుగు."