కువైట్‌లో పడిన వాన

నిన్న సాయంత్రం నంద్యాలలో తొలకరి పడింది. తడిసిన మట్టి వాసన తగలగానే, మేము కువైట్‌లో ఉన్నప్పటి ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది.

నాకప్పుడు ఆరేళ్లు. ఆళ్లగడ్డలో మా అవ్వ, అమ్మ వాళ్లమ్మ, చనిపోయింది. వీసా పని తెమలక అమ్మ కడచూపుకు పోలేకపోయింది. ఏడవలేదు. ఎవరితోనూ సరిగా మాట్లాడనూ లేదు. ఏసీ గదిలో గోడవైపు తిరిగి పడుకునేది, అన్నం ముట్టేది కాదు.

ఆ రోజు కిటికీ అద్దం మీద చుక్కలు పడ్డాయి. పై ఇంటివాళ్ల ఏసీ కారుతోందనుకున్నాను. అమ్మ మాత్రం దిగ్గున లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పరిగెత్తింది. నేనూ వెనకాలే పోయాను. కార్లు నిలిపే ఇసుక నేలలో తడుస్తూ నిలబడి, అమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది.

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన నాయన కంగారుపడ్డాడు.

"ఏందే ఇది? అందరూ చూస్తాండారు, పైకి రా."

"చూస్తే చూడనీలే. మాయమ్మ ఇంటి వాసన వస్తాంది ఈడ. ఆళ్లగడ్డ వాసన."

నాయన చేతిలోని క్యారియర్ కింద పెట్టి, అమ్మ పక్కనే తానూ తడుస్తూ నిలబడ్డాడు.

అమ్మ అవ్వ కోసం ఏడ్చింది ఆ రోజేనని పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు. కువైట్‌లోనే పుట్టిన నేను అప్పటికి ఊరు చూడలేదు. ఆ వాసన పేరే ఆళ్లగడ్డ అనుకున్నాను. మరుసటి రోజు స్కూల్లో పక్కపిల్లకు సంబరంగా చెప్పాను.

"నిన్న మా ఇంటికాడికి ఆళ్లగడ్డ వచ్చింది. మాయమ్మ అన్నం తినింది."