నాదమనుకున్న హోరు

డెబ్బైల మొదట్లో, మామిడి తోటలు పూతకొచ్చిన రోజుల్లో ఒక ఉదయం, నా భార్య సుభద్ర బియ్యం చెరుగుతూ దగ్గింది. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు చూసుకుని చేట కింద పెట్టేసింది. కొంగు మీద ఎర్రటి మరక. అప్పటికి నెలరోజులుగా సాయంత్రమయ్యేసరికి ఆమెకు ఒళ్లు వెచ్చబడుతోంది. నేను తిరువూరు హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టర్ని. పిల్లల కాంపోజిషన్లో కామా తప్పితే పట్టుకునేవాణ్ణి గాని, ఇంట్లో మనిషి చిక్కిపోతుంటే పట్టుకోలేకపోయాను.

మర్నాడే బస్సెక్కి విజయవాడ వెళ్లాం. కఫం తీసి స్ప్యూటమ్ టెస్టు, ఎక్స్‌రే చేశారు. ఫిల్ము సాయంత్రానికి గాని రాదన్నారు. ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, కాలు నిలవక రోడ్డు మీద తిరుగుతుంటే, పాత పుస్తకాల కొట్టులో అట్ట ఊడిన ఉపనిషత్తుల ఇంగ్లీషు అనువాదం కనిపించింది. నాకు సంస్కృతం ఒక్క ముక్క రాదు. ఇంగ్లీషులోనైనా చదువుదామని కొన్నాను.

"రైట్ లంగ్‌లో ప్యాచ్ ఉంది. టీబీ. భయపడకండి, ఇప్పుడు మందులున్నాయి" అన్నారు డాక్టరు గారు. మూడు నెలలు రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షను, ఆ తర్వాత కూడా చాలాకాలం మాత్రలు. "తల తిరిగినా, చెవుల్లో తేడా వచ్చినా వెంటనే చెప్పాలి." నేను తలూపాను.

తిరువూరులో కాంపౌండరు ఖాసిం గారు రోజూ పొద్దున్నే ఇంటికొచ్చి ఇంజెక్షను చేసేవారు. జబ్బు పేరు తెలిశాక ఇరుగుపొరుగు రావడం మానేశారు. మాకు పిల్లల్లేరు. ఇల్లు మరీ బోసిపోయింది. బడి నుంచి రాగానే ఆమె మంచానికి కాస్త ఎడంగా కుర్చీ వేసుకుని, ఆ పుస్తకం చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. ఆత్మ అనే మాటను ఇంగ్లీషులోకి తేవడానికి ఆ అనువాదం చేసిన దొర నానా తంటాలు పడ్డాడు. దాన్ని మళ్లీ తెలుగులోకి తేవడానికి నేను డిక్షనరీ ముందేసుకునేవాణ్ణి. "మనింట్లో మాటే కదండీ, అంత దూరం తిరిగి రావాలా?" అని సుభద్ర నవ్వేది. ఆ నవ్వు కోసమే మర్నాడు మళ్లీ చదివేవాణ్ణి.

రెండో నెలలో జ్వరం తగ్గింది, ఆకలి పుట్టింది. ఒక సాయంత్రం ఆమె, "ఏమండీ, చెవుల్లో సన్నగా ఏదో మోగుతోందండీ. తుమ్మెద తిరుగుతున్నట్టుంది" అంది.

నా ఒళ్లు పులకరించింది. మనసు లోపలికి తిరిగినవాళ్లకు లోపలే ఒక నాదం వినిపిస్తుందని వారం కిందటే చదివి చెప్పాను. "అదృష్టవంతురాలివి సుభద్రా! చదివే నాకు రాలేదు, వినే నీకొచ్చింది" అన్నాను.

"చెవుల సంగతి చెప్పమన్నారు కదా డాక్టరు గారు?"

"ఆయన చెప్పింది నొప్పి సంగతి. ఇలాంటివి పైకి చెబితే పోతాయి."

సాధనలో కలిగింది గురువుకు తప్ప చెప్పకూడదని మా పెద్దవాళ్లు అనేవారు. మాకు గురువు లేడు కనక ఆ పదవి నేనే తీసుకున్నాను.

నెలాఖరు చెకప్‌లో డాక్టరు గారు అడగనే అడిగారు. "చెవుల్లో ఏమైనా తేడా ఉందా అమ్మా?"

సుభద్ర నా వంక చూసింది.

"ఏం లేదండి" అన్నాను నేను.

మూడో నెలలో ఆమె నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకోసాగింది. నీరసమనుకున్నాం. ఒకరోజు పొద్దున ఖాసిం గారు వాకిట్లోంచి నాలుగుసార్లు పిలిచారు. అటు తిరిగి కూర్చున్న సుభద్ర కదల్లేదు. ఆయన సిరంజి పెట్టె తెరవలేదు. "మాస్టారూ, అమ్మగారికి వినపడట్లేదండి. ఇంజెక్షను నేను చెయ్యను. ముందు విజయవాడ తీసుకెళ్లండి" అన్నారు.

డాక్టరు గారు చెవులు పరీక్ష చేసి నావైపు తిరిగారు. "చెవి నర్వ్ దెబ్బతింది. హోరు మొదలైన రోజే చెప్పుంటే ఆ మందు ఆపేసేవాణ్ణి. పోయిన వినికిడి ఇక రాదు మాస్టారూ."

తిరుగు బస్సులో ఆమె "ఏమన్నారండీ?" అంది. తన గొంతు తనకే అందక అరిచినట్టు అడిగింది. బస్సంతా మావైపు చూసింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆమెకు అర్థమైంది.

మందు మార్చారు. టీబీ తగ్గింది, ఆఖరి ఎక్స్‌రే క్లియర్‌గా వచ్చింది. ఇప్పుడు సుభద్ర వంట చేస్తుంది, సంతకెళ్తుంది, పెదాలు చూసి సగం మాట పట్టుకుంటుంది. నేను పెట్టె అడుగున పడేసిన ఆ పుస్తకాన్ని తనే పైకి తీసింది. రోజూ ఒక పేజీ తెలుగు చేసి నోట్‌బుక్కులో రాసిస్తాను. చదువుకుంటుంది, నా తెలుగు దిద్దుతుంది. పుస్తకం మీద నాకు కోపం లేదు. దాన్ని మందుచీటీలా చదివింది నేనే.

ఇది చదివేవాళ్లకు ఒక్కటే చెప్పగలను. వైద్యం జరుగుతున్నప్పుడు ఒంట్లో కొత్తగా ఏది వచ్చినా అది మంచిదో చెడ్డదో మీరు తేల్చకండి. ఉన్నది ఉన్నట్టు డాక్టరుకు చెప్పండి. రోగిని అడిగినప్పుడు రోగినే మాట్లాడనివ్వండి.

మొన్న, ఇన్నేళ్లకు ధైర్యం చేసి, నోట్‌బుక్కులో పేజీ చివర 'ఇంకా మోగుతోందా?' అని రాశాను. చదివి నా మొహం వంక చూసింది.

"మోగుతూనే ఉందండీ" అంది. "మీ గొంతే, ఎలా ఉండేదో మర్చిపోతున్నాను."