దర్వాజ మీద మేనత్త

జగిత్యాలలో మా కొత్త ఇంటికి నాన్న ఒక పాత దర్వాజ కొనుక్కొచ్చాడు. కోరుట్లలో పాత కలప అమ్మే అడ్డాలో దొరికింది. ఎవరిదో పెంకుటిల్లు కూల్చినప్పుడు తీసిన టేకు ద్వారబంధం. రెండు పక్కలా లతలు, చిలుకలు, పైచెక్క నడుమ పుచ్చకాయంత సింహం తల. చెక్కినాయన సింహాన్ని ఎన్నడూ చూసి ఉండడు. దానికి జూలు లేదు గానీ మీసాలున్నాయి. గుడ్లురిమి, ముక్కుపుటాలు ఎగరేసి, అప్పుడే ఎవరినో తిట్టి కాస్త ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటుంది.

ట్రాలీ ఆటోలోంచి దింపగానే అమ్మ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఓ అవ్వో! అచ్చం మా వదినె లెక్కనే ఉన్నది."

వదినె అంటే నాన్నకు అక్క, మా మేనత్త. సిరిసిల్లలో ఉంటుంది. ఇంట్లో మరమగ్గాలు పొద్దంతా మోగుతుంటాయి కాబట్టి వాటిని మించి మాట్లాడటం ఆమెకు అలవాటు. ఆమె ఫోన్ చేస్తే మేం స్పీకర్ పెట్టాల్సిన పని లేదు.

"కొన్నప్పుడే అనుకున్న," అన్నాడు నాన్న నవ్వుతూ. "మీసాలు తీసేస్తే మా అక్కనే."

ఆ రోజు నుంచి మా అన్న దాని ముందు నుంచి పోయినప్పుడల్లా "నమస్తే అత్తా" అనేవాడు. నేను పళ్లు తోముకుంటూ దానికి వీధిలో సంగతులన్నీ చెప్పేదాన్ని. అది అన్నింటికీ కోపంగానే చూసేది.

దర్వాజ నిలబెట్టే రోజు దగ్గరపడ్డాక మా నవ్వులు ఆగిపోయాయి. మాలో దర్వాజకు మొదటి బొట్టు ఇంటి ఆడబిడ్డే పెట్టాలి. ఆ ఆడబిడ్డేమో నాన్నతో మాట్లాడక ఏడాది దాటింది. మా తాత తాళ్లెక్కి, కల్లు గీసి కట్టిన మట్టి ఇంటిని తనకు ఒక్కమాట చెప్పకుండా నాన్న కూల్చాడని ఆమె కోపం. నాకు ఊహ తెలియకముందే పోయిన తాతకు ఫొటో ఒక్కటీ లేదు. ఆమెకు తండ్రి గుర్తుగా మిగిలింది ఆ ఇల్లే. ఆమెదీ తప్పనలేం. ఈ బొట్టు వంకతోనైనా అక్క మళ్లీ మాట్లాడుతుందని నాన్న కొండంత ఆశతో ఉన్నాడు. కానీ వస్తే ఆ మొహం చూస్తుంది, చూస్తే ఇక జన్మలో మాట్లాడదు. అమ్మ తెలివిగా సింహం మొహం కనబడకుండా బంతిపూల దండ చుట్టేసింది.

అత్త వచ్చింది. వస్తూనే నన్ను పట్టుకుంది.

"ఏ పిల్లా, మీ నాయినకు చెప్పు. నేను ఇంటి కోసం అచ్చిన, ఆయన కోసం రాలే."

నాన్న నా పక్కనే నిలబడి ఉన్నాడు. "మీ అత్తకు చెప్పు బిడ్డా, మంచిగ చేసిందని," అన్నాడు.

వీధంతా విన్న మాటల్నే నేను మళ్లీ అటూ ఇటూ చేరవేశాను.

దర్వాజను నేల మీద పడుకోబెట్టి ఉంచారు. అత్త పక్కన కూర్చుని పసుపు రాస్తూ పైదాకా వచ్చి ఆగింది. "ఇదేందే, బొట్టు పెట్టే జాగల పూలు కప్పిన్రు?" అని దండ లాగేసింది.

ఇద్దరూ ఎదురెదురుగా చూసుకున్నారు. అవే గుడ్లు, అదే ముక్కు. అన్న నవ్వాపుకోలేక ఇటుకల చాటుకు పరుగెత్తాడు. నేను పెదవి కొరుక్కున్నాను.

అత్త ఇక మగ్గాలను మించి అరుస్తుందని నాకు భయమేసింది. ఆమె మాత్రం పసుపు చేత్తో ఆ మీసాలను మెల్లగా నిమిరింది.

"నాయినా..." అంది.

తలెత్తి నేరుగా నాన్ననే చూసింది.

"తమ్మీ, ఇల్లయితే కూలగొట్టినవ్ గని నాయినను మర్వలేరా నువ్వు. గందుకేనా గీ దర్వాజ తెచ్చింది?"

నాన్న నోరు తెరిచాడు. ఉన్నదున్నట్టు చెప్పేసే మనిషి. అమ్మ గబుక్కున ఆయన కాలు తొక్కింది.

"అవునక్కా," అన్నాడు.

అని, తనూ అక్క పక్కన కూర్చుని ఆ మొహాన్ని సరిగ్గా చూశాడు. అత్తకు ఆ కళ్లూ ఆ ముక్కూ ఎవరి నుంచి వచ్చాయో కన్నకొడుక్కి కూడా అప్పటిదాకా తట్టలేదు. నాన్న తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు. ముహూర్తం దాటిపోతున్నదని మేస్త్రి అరుస్తున్నా, వాళ్లిద్దరూ అక్కడి నుంచి లేవలేదు.