అమావాస్య నాటి బోణి

మా అత్తమ్మ నోరు తెరిచి తనకు ఫలానాది కావాలని అడగడం నా కాపురంలో ఒక్కసారే విన్నాను. అడిగింది నగ కాదు, చీర కాదు. గుట్ట ఎక్కాలని అడిగింది.

మాది బొంతపల్లి దగ్గర రోడ్డు మీద కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, పైన డాబా. ఎండాకాలం వడియాలు పెట్టినా, వానాకాలం బట్టలు ఆరేసినా, పని కాగానే అత్తమ్మ డాబా మీద ఒక మూలకు వెళ్లి కాసేపు నిలబడేది. అటు ఫ్యాక్టరీ గొట్టాల వెనక ఒక గుట్ట ఉంది. ఎండల్లో అది వట్టి బోడిగుండు. నాలుగు వానలు పడ్డాయంటే మాత్రం పచ్చ శాలువా కప్పుకుని పెళ్లికి బయల్దేరిన పెద్దమనిషిలా తయారవుతుంది. కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆమె దాన్ని చూస్తూనే ఉంది, ఎక్కింది మాత్రం లేదు. ఈ ఏడు మా ఎదురుగా ఒకాయన ఫ్యాక్టరీ పనివాళ్లకు కిరాయికి ఇవ్వడానికి గదుల బిల్డింగ్ లేపుతున్నాడు. స్లాబు మీద స్లాబు పడుతోంది. శ్రావణం వచ్చేసరికి మాకు గుట్ట తల ఒక్కటే మిగిలింది.

"ఇంకో స్లాబు పడితే ఇగ అది కనవడది," అంది ఒకరోజు తడి బట్టలు తీస్తూ. "గా గుట్ట కనవడకముందే ఒక్కపారి పోయి ఎక్కాలె బిడ్డా."

ఎప్పుడు వెళ్లాలన్నది పెద్ద చర్చ కాలేదు. మా దుకాణం మూసేది అమావాస్య నాడే. మిగతా రోజుల్లో పిడుగు పడినా తెరిచే ఉంటుంది, ఒక్కరోజు మూస్తే ఊరు ఆగమైపోతుందని మామయ్య వాదన. పాత అమావాస్యలన్నీ సున్నాలకూ సర్దుళ్లకూ పోయాయి కాబట్టి ఈసారిది గుట్టకని నేనే ప్రకటించాను. పటాన్‌చెరులో ఒక కంపెనీ స్టోర్స్‌లో పనిచేసే మా ఆయన ఎట్లాగో సెలవు పుట్టించాడు. మామయ్య కూడా వస్తానన్నారు. దుకాణం లేని రోజు ఆయన ఒడ్డున పడ్డ చేప, ఇంట్లో వదిలిపెట్టి వెళ్తే గిలగిలా కొట్టుకుంటారు.

అమావాస్య పొద్దున సన్నగా తుంపర. పులిహోర కట్టాను. అత్తమ్మ జరీ అంచు చీర కట్టుకుని, కాళ్లకు మా ఆయన పాత బూట్లు వేసుకుని, అందరికంటే ముందు కారెక్కి కూర్చుంది. గుట్ట దారికి అడ్డంగా కింద ఒక గొలుసు ఉంటుంది. వాన పెద్దదైతే రాళ్లు జారుతాయని మధ్యాహ్నానికల్లా దాన్ని కట్టేస్తారు, ఇక ఎవరినీ పైకి పోనివ్వరు. అందుకే త్వరగా బయల్దేరాలనుకున్నాం. బయల్దేరేవాళ్లమే. మా ఆయన, "నాయినా, కూసోనీకి దుకాణంలకెళ్లి ఒక ప్లాస్టిక్ పట్టా తేరాదు," అనకపోతే.

మామయ్య వెళ్లారు. ఎంతకీ రాలేదు. ఏమైందోనని నేను దిగి వెళ్లి చూద్దును కదా, షట్టర్ నిండా లేచి ఉంది. వాకిలి ఊడ్చి ఉంది. వానకు తడిసిన నేల మీదే మళ్లీ నీళ్లు చల్లి ఉన్నాయి. లక్ష్మీదేవి పటం ముందు అగరొత్తులు పొగలు వేస్తున్నాయి. మామయ్య గద్దె మీద కూర్చుని, తెరిచిన గల్లా పెట్టె వంక అయోమయంగా చూస్తున్నారు.

"పట్టా కోసమే వచ్చిన బిడ్డా," అన్నారు. "చెయ్యి దాని పని అది చేస్కుంటవోయింది."

"పోనీయుండ్రి మామయ్యా. దించేసి రాండ్రి."

ఏకాదశి నాడు కోడిగుడ్డు తినమన్నట్టు చూశారు నన్ను. "దేవునికి పొగేసి, గల్లా తెరిసినంక, బోణి గాకుండ షట్టర్ దించుతరా? అందుల అమావాస్య. దుకాణం మళ్ల లేస్తదా?"

బోణి అంటే పొద్దున్నే మొదటి బేరం. అది కాకుండా దుకాణం మూస్తే లక్ష్మిని మెడపట్టి గెంటినట్టేనని ఆయన నమ్మకం. నేనూ వ్యాపారం చేసే ఇంట్లోనే పుట్టాను, కాదనలేను. ఎవరో ఒకరు ఒక అగ్గిపెట్టె కొనకపోతారా అనుకుని గుమ్మంలో నిలబడ్డాను.

ఎవరూ కొనలేదు. కొనరు కూడా. అమావాస్య నాడు ప్రాణం పోతున్నా ఉప్పురాయి అమ్మనని ఏళ్ల తరబడి ఊరంతటికీ పాఠం చెప్పింది మామయ్యే. పక్క గల్లీలో ఉండే బీహార్ కుర్రాడు గొడుగేసుకుని వస్తూ మమ్మల్ని చూసి ఆగాడు. ఒకప్పుడు అమావాస్య నాడు సబ్బు కోసం తలుపు కొట్టి తిట్లు తిన్నవాడే.

"సేట్, ఆజ్ అమావస్ హై నా?"

"హై, హై. దుకాణ్ ఖులా హై. ఆజావ్ బేటా," అన్నారు మామయ్య తేనె కారుతున్న గొంతుతో.

వాడు ఆట పట్టించొద్దన్నట్టు రెండు చేతులూ జోడించి, "మజాక్ మత్ కరో సేట్," అని వడివడిగా వెళ్లిపోయాడు. ఇదేదో తన బుద్ధిని పరీక్షించడమని అనుకున్నట్టున్నాడు.

మా ఆయన జేబులోంచి నోటు తీసి సబ్బు ఇవ్వమన్నాడు. "మన పైసలు మన గల్లల ఏస్తే బోణా? కుడిచేతిది ఎడమచేతికి ఇచ్చుడు గాదుర అది," అన్నారు మామయ్య. పక్కింటామెను ఫోన్ చేసి పిలుస్తానన్నాను. పిలిపించుకున్న బోణి పనికిరాదట, దానంతట అదే నడిచి రావాలట. అది ఎటు నుంచి నడిచి వస్తుందో, ఎన్ని గంటలకు వస్తుందో ఆయనకూ తెలియదు. తుంపర కాస్తా వాన అయింది. నాకు ఒళ్లు మండిపోయింది. గుట్ట కింద వాళ్లు గొలుసు కట్టేస్తారు, మా ఆయనకు మళ్లీ సెలవు దొరకదు, మళ్లీ అమావాస్యకల్లా ఎదుటివాళ్లు ఇంకో స్లాబు వేసేస్తారు. ఇదంతా మామయ్య మొహం మీదే అనేద్దామని నోటిదాకా వచ్చింది.

కారులో అత్తమ్మది ఒకటే పని. అద్దానికి పట్టిన ఆవిరిని కొంగుతో తుడవడం, ఎదుటి బిల్డింగు పైకి చూడడం, మళ్లీ తుడవడం. ఆమె విసుక్కున్నా బాగుండేది. అలవాటైనదాని లాగా కూర్చుంది, అదే నాకు కష్టంగా అనిపించింది.

కాసేపటికి కారు తలుపు తెరుచుకుంది. అత్తమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, బూట్లతో నీళ్లు తొక్కుకుంటూ వచ్చి, దుకాణానికి ముందు వైపున, కొనేవాళ్లు నిలబడే చోట నిలబడింది. ఎప్పుడూ వెనక తలుపు నుంచి వచ్చే మనిషి.

"పల్లీపట్టి ఒకటియ్యుండ్రి," అంది.

"నీకెందుకే? లోపల డబ్బల ఉన్నయి, పోయి తిను. ఇంటోల్లు కొంటే బోణి గాదని ఇప్పుడే జెప్పిన గద."

అత్తమ్మ కొంగు ముడి విప్పింది. "ఇవి రాఖీకి మా తమ్ముడు ఇచ్చిన పైసలు. మీ గల్లలయి గావు. మీ చేతులకెళ్లి వచ్చినయి గావు. మా తమ్ముడు బయటోడే గద?"

ఆ బామ్మర్ది పరాయివాడని వెయ్యిసార్లు అన్నది మామయ్యే. ఇప్పుడు మనవాడే అంటే బోణి పోతుంది, పరాయివాడంటే బేరం ఒప్పుకోవాలి. మా ఆయన అటు తిరిగి నవ్వు ఆపుకుంటున్నాడు.

మామయ్య చివరికి లేచి వేరుశెనగ పట్టీల సీసా మూత తీశారు. చెయ్యి అలవాటు కొద్దీ అడుగుకు పోయింది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. నిండు పట్టీలు అమ్మకానికి, విరిగినవి ఇంటికి. బిస్కెట్లైనా అంతే, అప్పడాలైనా అంతే. నేను వచ్చాక మా ఆయనను పోరి నిండువి తెప్పించుకున్నాను కానీ, అత్తమ్మ చేతిలో నిండు పట్టీ నేనెన్నడూ చూడలేదు.

"విరిగింది గాదు," అంది అత్తమ్మ. "నిండుది ఇయ్యుండ్రి. పైసలిస్తున్న గద."

గొంతు పెంచలేదు, నవ్వలేదు కూడా. మామయ్య చెయ్యి సీసాలోనే ఆగిపోయింది. అంతసేపూ ఆయన మీద ఉన్న కోపమంతా ఎటో పోయి, ఇద్దరి మీదా జాలి కలిగింది. ఆయన పై వరుసలోంచి ఒక పట్టీ తీశారు. ఒక మూల చితికినట్టు కనిపిస్తే దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి తీశారు. కాగితంలో చుట్టి ఇచ్చి, పైసలు కళ్లకద్దుకుని గల్లాలో వేశారు.

"ఇంకేం గావాలమ్మా?" అనేశారు, నాలుక అలవాటు కొద్దీ.

"షట్టర్ దించుండ్రి. గంతే."

మేం గుట్ట కిందికి చేరేసరికి అక్కడి మనిషి గొలుసు చేతిలో పట్టుకునే ఉన్నాడు. అత్తమ్మ బూట్ల వైపు చూసి ఏమనుకున్నాడో, "జల్దీ ఎక్కి జల్దీ దిగుండ్రి," అని వదిలేశాడు. బండలన్నీ నాచు పట్టి ఉన్నాయి. ముందు అత్తమ్మ, వెనక చెప్పుల్లో జారుతూ, నన్ను పట్టుకుంటూ మామయ్య. నడిచినంత దూరం ఆ బూట్లు ఎవరివని మళ్లీ మళ్లీ అడిగారు, కొన్నవేమోనని అనుమానం.

పైన ఏమీ లేదు. అంటే, తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనిపించలేదు. పక్కనున్న తంగేడు చెట్టు కూడా సగమే ఉంది.

"గీ పొగ జూస్తందుకా ఇంత దూరం వచ్చింది? మనూర్ల ఫ్యాక్టరీలోల్లు ఇంటికే పంపిస్తరు గద," అన్నారు మామయ్య రొప్పుతూ.

అత్తమ్మ ఒక బండ మీద పట్టా పరుచుకుని కూర్చుంది. ఎంత నిశ్శబ్దంగా ఉందో. ఊళ్లో మిషన్ల హోరు రాత్రీ పగలూ వింటూనే ఉంటాం కాబట్టి వింటున్నామని కూడా తెలియదు. అది లేనిచోట కూర్చుంటే చెవులకు ఏదో తక్కువైనట్టుంది. కాసేపటికి గాలి తిరిగింది. మబ్బు మెల్లగా పక్కకు జరిగి, కింద నీలం రేకుల షెడ్లు, గొట్టాలు, రోడ్డు మీద లారీలు, వరి మళ్లలో నీళ్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

మామయ్య హుషారుగా లేచి నిలబడ్డారు. "అగో, మన దుకాణం." అది లారీలు తూచే కాంటా అన్నాడు మా ఆయన. "గట్లనా? మరి గది." అది గోదాము. మామయ్య కళ్లద్దాలు తుడుచుకుని, రోడ్డు పట్టుకుని వేలితో ఆ కొస నుంచి ఈ కొస దాకా వచ్చారు. దుకాణం దొరకలేదు. రెండోసారి వచ్చినా దొరకలేదు. ఆయన మొహం నిజంగానే చిన్నబోయింది.

"గంత చిన్నగుంటదా మనది?"

"ఒక్కరోజు మూస్తే ఊరు ఆగమైతదన్నరు గద," అంది అత్తమ్మ. "జూడుండ్రి, మంచిగనే ఉంది."

ఆమె ఒళ్లో కాగితం విప్పింది. పల్లీపట్టి వానలో, ఎక్కుడులో ఎక్కడా చిట్లకుండా నిండుగా ఉంది. ఇంట్లో ఏది తిన్నా తలా ఒక ముక్క చేసి పంచేది ఆమే. కాబట్టి మామయ్య కిందికి చూస్తూనే చెయ్యి చాపారు.

"విరిగినయి ఇంట్ల డబ్బల ఉన్నయి," అని అత్తమ్మ కొరికింది.

మామయ్య చెయ్యి కాసేపు అట్లాగే ఉండి, తర్వాత నెత్తి గోక్కుంది. ఆమె కాళ్లు బారచాపుకుని, బూట్లు ఆడిస్తూ, చివరి పల్లీ దాకా ఒక్కతే తింది. మేం ముగ్గురం పులిహోర మాట ఎత్తకుండా ఆమె తినడం అయ్యేదాకా కూర్చున్నాం.